యూటీఎం, సీటీఎంలను ఓవర్‌లోడ్ నుంచి కాపాడుకోవడం ఎలా?

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబుకు వెళ్లండి, విజయవాడ హైవే మీది రెడీమిక్స్ ప్లాంటుకు వెళ్లండి, మహబూబ్‌నగర్ దగ్గర కాలువ పని సైటులో రేకుల షెడ్డులోకి వెళ్లండి. లోపల ఉండే మెషీన్లు దాదాపు అవే. కాంక్రీటు క్యూబులు నొక్కి పగలగొట్టే సీటీఎం (కంప్రెషన్ టెస్టింగ్ మెషీను) ఒకటి, ఇనుప రాడ్లు లాగి తెంపే యూటీఎం (యూనివర్సల్ టెస్టింగ్ మెషీను) ఒకటి. కాస్త పెద్ద ల్యాబు అయితే సిమెంట్ సంచుల గుడ్డను లాగి చూసే చిన్న ఎలక్ట్రానిక్ మెషీను కూడా ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు ఏ బటన్ నొక్కాలో, ఏ వాల్వు తిప్పాలో నేర్పుతారు. ఎక్కడ ఆపాలో నేర్పడం చాలాచోట్ల మర్చిపోతారు. ఇరవై ఏళ్లుగా ఈ మెషీన్ల పక్కనే పని చేస్తున్నాను. పాడైన మెషీన్ల దగ్గర నేను ఎక్కువగా చూసింది ఒకటే: లోడు ఎంత వస్తుందో ముందు ఎవరూ లెక్క వేయలేదు, ఎక్కువైతే మెషీనే ఆగుతుందిలే అనుకున్నారు.

మెషీను ఆగుతుంది, నిజమే. కానీ అందులో ఉండే రక్షణ ఏదైనా ఒక రకం తప్పునే పట్టుకుంటుంది, మిగతావాటిని వదిలేస్తుంది. ఆయిల్ ప్రెజర్ మితిమీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వుకు, లోడు కొలిచే లోడ్‌సెల్ సంగతి తెలియదు. కదలిక చివరికి రాగానే ఆపే లిమిట్ స్విచ్చుకు లోడు సంగతి తెలియదు. సాఫ్ట్‌వేర్‌కు మీరు బిగించిన జాల, అంటే శాంపిల్‌ను పట్టుకునే దవడల, సైజు తెలియదు. ఇవన్నీ తెలిసింది మీ ఒక్కరికే. అందుకే పని కాగితం మీద మొదలవ్వాలి.

ముందు మెషీను హద్దు ఏదో తేల్చుకోండి

నేమ్‌ప్లేటు మీద 1000 కిలోన్యూటన్లు అని ఉందంటే అది ఫ్రేము హద్దు. దానికి తగిలించే ప్రతిదానికీ వేరే హద్దు ఉంటుంది. వంపు పరీక్షకు వాడే రోలర్లు, షియర్ (కోత) పరీక్షకు శాంపిల్‌ను పట్టి ఉంచే ఫిక్చరు, చిన్న సైజు జాలు, లోడ్‌సెల్, వీటిలో ఏది అన్నిటికన్నా తక్కువ మోస్తుందో ఆ రోజుకు అదే మీ మెషీను కెపాసిటీ. ఒక్క పూట కూర్చొని అన్నిటి మీదా రాసి ఉన్న అంకెలు చూసి, ఒక చార్టు రాసి, మెషీను పక్క గోడకు అంటించండి. అంకె ఏమీ లేని ఫిక్చర్ ఉంటే తయారీదారుకు ఫోన్ చేసి కనుక్కోండి. అంతవరకు దాన్ని బీరువాలో పెట్టెయ్యండి.

పాత మెషీన్ల డయల్ టన్నుల్లో ఉంటుంది. 1 టన్ను అంటే 9.81 కిలోన్యూటన్లు. సుమారుగా పదితో గుణిస్తే సరిపోతుంది కానీ, రిపోర్టు కోసం మాత్రం 9.81 తోనే లెక్క వేయండి. వంద టన్నుల మెషీనును వంద కిలోన్యూటన్ల మెషీను అని రాసుకున్న రిజిస్టరును కళ్లారా చూశాను. ఆ తప్పు అటు తిరిగి ఉంటే, అంటే వంద కిలోన్యూటన్ల ఫిక్చరును వంద టన్నులది అనుకొని ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

లోడు ఎంత వస్తుందో లెక్క వేయండి

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. స్టాండర్డులో ఇచ్చిన కనీస బలాన్ని తీసుకొని లెక్క వేస్తారు. కనీసం అనేది రాడ్డు పాస్ అవ్వడానికి. మెషీనును కాపాడుకోవడానికి కావలసింది గరిష్ఠం. ఎఫ్ఈ 500డి గ్రేడు రాడ్డుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం తెగే బలం కనీసం 565 ఎంపీఏ ఉండాలి. చదరపు మిల్లీమీటరుకు 1 న్యూటన్ పడితే 1 ఎంపీఏ. కానీ మన దగ్గరికి వచ్చే రాడ్లు 620, 650 దగ్గర తెగడం మామూలే. కాబట్టి నేను ఎప్పుడూ 700 వేసుకుంటాను. ఎఫ్ఈ 550 అయితే 750.

12 ఎంఎం రాడ్డు అడ్డుకోత వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు. 700తో గుణిస్తే 79 కిలోన్యూటన్లు. 16 ఎంఎంకు 141, 25 ఎంఎంకు 344, 32 ఎంఎంకు 563 వస్తాయి. మీది 600 కిలోన్యూటన్ల యూటీఎం అయితే ఇక్కడ ఆగి ఆలోచించండి. 32 ఎంఎం రాడ్డు దాని అంచుల దాకా తీసుకెళ్తుంది. 36 ఎంఎంకు 713, 40 ఎంఎంకు 880 వస్తాయి. ఇవి 600 మెషీనులో పెట్టాల్సిన రాడ్లే కావు. బ్రిడ్జి కాంట్రాక్టరు రాడ్డు ముక్కలు ఆటోలో వేసుకొని వచ్చి "మిగతావన్నీ చేశారు కదా, ఇది కూడా పెట్టండి" అంటే, ఈ అంకె చూపించి ఇంకా పెద్ద మెషీను ఉన్న ల్యాబుకు పంపండి.

క్యూబులకు లెక్క ఇంకా తేలిక. 150 ఎంఎం క్యూబుకు లోడు పడే ముఖం 22,500 చదరపు మిల్లీమీటర్లు. ఎం25 మిక్సును (25 ఎంపీఏ బలం ఉండాల్సిన కాంక్రీటును) 31.6 ఎంపీఏ లక్ష్యంతో డిజైన్ చేస్తారు, అంటే 711 కిలోన్యూటన్లు. సైటులో సిమెంట్ కాస్త ఎక్కువ పడితే 40 ఎంపీఏ దాకా వెళ్తుంది, అంటే 900. 2000 కిలోన్యూటన్ల సీటీఎంకు ఇది సులువైన పని. ఎం60 క్యూబు 75 ఎంపీఏ దాకా వెళ్లిందనుకుంటే 1687 వస్తుంది. నా పద్ధతి ఏమిటంటే, లెక్కలో వచ్చిన గరిష్ఠ లోడు మెషీను కెపాసిటీలో 85 శాతం దాటకూడదు. 2000లో 85 శాతం 1700. ఎం60 అక్కడే ఆగింది. అంతకన్నా బలమైన కాంక్రీటు వస్తే, కంకర 20 ఎంఎం లోపు ఉన్నప్పుడు 100 ఎంఎం క్యూబులు పోయించుకోండి. 90 ఎంపీఏ అయినా 900 కిలోన్యూటన్లతో తేలిపోతుంది. అయితే ఈ మాట క్యూబులు పోయకముందే సైటు ఇంజినీరుకు చెప్పాలి. 28 రోజులు నీళ్లలో నానిన క్యూబు వచ్చాక చెప్పి లాభం లేదు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది రాయి విషయంలో. నల్లగొండ, పాలమూరు గుట్టల గ్రానైట్ మామూలు గట్టిది కాదు. మంచి గ్రానైట్ 200 ఎంపీఏ దాకా మోస్తుంది. క్వారీ వాళ్లు నాలుగు అంగుళాల ముక్క చక్కగా కోసి, పాలిష్ కూడా పట్టించి తెస్తారు. 100 ఎంఎం క్యూబు అంటే 10,000 చదరపు మిల్లీమీటర్లు, 200 ఎంపీఏ అంటే 2000 కిలోన్యూటన్లు. అంటే ఆ అరచేతంత రాయి మీ సీటీఎం మొత్తం బలాన్నీ అడుగుతుంది. చూడ్డానికి కాంక్రీటు క్యూబు కన్నా చిన్నది కాబట్టి సులువుగా పగులుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. 50 ఎంఎం ముక్కలు కోయించుకు రమ్మనండి. అదే రాయి 500 కిలోన్యూటన్ల దగ్గరే తేలుతుంది.

లెక్కలో వచ్చిన అంకెను శాంపిల్ నంబరు పక్కనే రాయండి. టెస్టు నడుస్తుండగా రీడింగ్ ఆ అంకెను దాటితే, మెషీను కెపాసిటీ ఇంకా ఎంత మిగిలి ఉన్నా సరే, ఆపి చూడండి. ఏదో ఒకటి మీరు అనుకున్నట్టు లేదు. రాడ్డు సైజు తప్పు రాశారు, లేదా శాంపిల్ మారింది, లేదా లోడు శాంపిల్ మీద కాకుండా ఇంకెక్కడో పడుతోంది.

కరెంటు వేసే ముందు, వేసిన వెంటనే

ఆయిల్ మట్టం, ర్యామ్ (ఆయిల్ ప్రెజర్‌తో లేచి లోడు ఇచ్చే పిస్టన్) పూర్తిగా కిందికి దిగి ఉందా, బల్ల మీద స్పానర్ గానీ ప్లేటు గానీ మర్చిపోయారా, ఇవి చూడ్డానికి నిమిషం చాలు. ఎర్ర స్టాప్ బటన్‌ను రోజూ ఒకసారి నొక్కి, మోటారు నిజంగా ఆగుతుందో లేదో చూడండి. ఏడాదిపాటు ఎవరూ నొక్కని బటన్ దుమ్ముతో బిగుసుకుపోయి ఉంటుంది.

మన దగ్గర వీటన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఫేజు మారడం, అంటే మూడు కరెంటు లైన్ల వరుస తారుమారవడం. బోరు ఉన్న రైతును అడిగితే చెప్తాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని జరిగాక మోటారు ఉల్టా తిరిగి నీళ్లు రాకపోవడం ప్రతి ఊళ్లో తెలిసిన సంగతే. అదే ల్యాబులో జరిగితే ఏమవుతుందో నాకు తెలిసిన రోజు ఇంకా మర్చిపోలేదు.

అప్పుడు నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు. మే నెల. ముందురోజు సాయంత్రం గాలివానకు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, రాత్రికి రాత్రి కొత్తది పెట్టి కరెంటు ఇచ్చారు. పొద్దున్నే ఎనిమిదింటికి రాడ్డు పెడదామని మధ్య క్రాస్‌హెడ్‌ను, అంటే పైకీ కిందికీ కదిలే అడ్డ దూలాన్ని, పైకి లేపే బటన్ నొక్కాను. అది కిందికి రావడం మొదలుపెట్టింది. తప్పు బటన్ నొక్కానేమోనని చూసుకున్నాను, లేదు. వదిలి మళ్లీ నొక్కాను, మళ్లీ కిందికే. కింద బల్ల మీద ముందురోజు క్యూబు పరీక్షకు పెట్టిన ప్లేటు అలాగే ఉంది. కింది లిమిట్ స్విచ్చు ఉంది కదా, ఆగుతుందిలే అనుకున్నాను. స్విచ్చు టక్కుమన్న చప్పుడు కూడా విన్నాను. క్రాస్‌హెడ్ ఆగలేదు. ప్లేటుకు తగిలి, మోటారు మూలిగి, పిండిమరలో రాయి పడ్డట్టు చప్పుడు వచ్చింది. పక్కగదిలో నుంచి పరుగున వచ్చిన అన్న మెయిన్ దించేదాకా నా వేలు బటన్ మీదే ఉంది. గేరు పళ్లు విరిగాయి. మూడు వారాలు మెషీను నడవలేదు.

స్విచ్చు ఎందుకు ఆపలేదో నాకు తర్వాత అర్థమైంది. పై లిమిట్ స్విచ్చు "పైకి" వెళ్లే కాంటాక్టరును (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చును) మాత్రమే కట్ చేస్తుంది. కింది స్విచ్చు "కిందికి" వెళ్లేదాన్ని మాత్రమే. ఫేజు మారినప్పుడు నేను నొక్కింది పైకి బటన్, పని చేస్తున్నది పైకి కాంటాక్టరు, క్రాస్‌హెడ్ కదులుతున్నది మాత్రం కిందికి. కింది స్విచ్చు తన పని తాను చేసింది, కానీ అది కట్ చేసిన లైనులో అప్పుడు కరెంటే లేదు. అంటే రెండు లిమిట్ స్విచ్చులూ బాగున్నా ఏ రక్షణా లేనట్టే.

కాబట్టి ఇలా చేయండి. క్రాస్‌హెడ్‌ను రోజూ సాయంత్రం మధ్యలో ఆపి, కింద ఏమీ లేకుండా చేసి వెళ్లండి. పొద్దున్న, ముఖ్యంగా రాత్రి కరెంటు పోయి వచ్చిన మర్నాడు, పైకి బటన్‌ను ఒక్క క్షణం తట్టి వదలండి. పైకి కదిలితే సరే. కిందికి కదిలితే ఇంకోసారి నొక్కకండి. మెయిన్ దించి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. సప్లయిలో ఏవైనా రెండు ఫేజులు మార్చితే సరిపోతుంది. హైడ్రాలిక్ పంపు కూడా ఉల్టా తిరుగుతూ ఉంటుంది. ప్రెజర్ ఎక్కడం లేదని అలాగే నడిపిస్తూ పోతే పంపు పోతుంది. ప్యానెల్‌లో ఫేజు వరుస చూసే రిలే ఒకటి పెట్టించండి. మెషీను ధర ముందు దాని ఖర్చు లెక్కలోకే రాదు. డ్రైవుతో నడిచే కొత్త సర్వో మెషీన్లకు ఈ బాధ లేదు, మోటారు ఎటు తిరగాలో డ్రైవే చూసుకుంటుంది.

లిమిట్ స్విచ్చులను కూడా వారానికోసారి చేత్తో నొక్కి చూడండి. క్రాస్‌హెడ్ పైకి కదులుతుండగా పై స్విచ్చు మీటను చెక్క పుల్లతో నొక్కితే వెంటనే ఆగాలి. వేలితో నొక్కకండి.

ఇంకొక మాట. హైడ్రాలిక్ యూటీఎంలో ఆ క్రాస్‌హెడ్ మోటారు ఉన్నది ఎడం సర్దుకోవడానికి మాత్రమే. శాంపిల్ బిగించాక ఆ బటన్‌తో "కొంచెం టైట్ చేద్దాం" అనుకోవద్దు. లోడు ఇవ్వాల్సింది ర్యామ్.

ర్యామ్ ఎర్రగీత దాటకుండా చూసుకోండి

సీటీఎం ర్యామ్ లేవగలిగే ఎత్తు తక్కువ, చాలా మెషీన్లలో 50 ఎంఎం దగ్గర్లో ఉంటుంది. ఆ హద్దుకు గుర్తే ర్యామ్ మీది ఎర్రగీత. 150 ఎంఎం క్యూబు తీసేసి 70.6 ఎంఎం సిమెంట్ మోర్టార్ క్యూబు పెట్టినప్పుడు, కింద ప్యాకింగ్ ప్లేట్లు వేయకుండా వాల్వు తెరిస్తే, ర్యామ్ ఆ 80 ఎంఎం ఎడాన్ని తానే నింపాలని చూస్తుంది. నింపలేదు. ఎర్రగీత దాటి, సీలు బయటికి వచ్చి, ఆయిల్ గది నిండా పారుతుంది. లోడు ఎక్కువైతే మెషీనును ఆపేసే ఓవర్‌లోడ్ ట్రిప్పు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే లోడు సున్నానే కదా.

శాంపిల్‌కూ పై ప్లేటుకూ మధ్య 5 నుంచి 10 ఎంఎం మించి ఎడం లేకుండా ప్యాకింగ్ ప్లేట్లు వేయండి. ప్లేట్ల మధ్య ఇసుక రేణువు కూడా ఉండకూడదు, గుడ్డతో తుడిచి పెట్టండి. శాంపిల్ సరిగ్గా మధ్యలో ఉండాలి, ప్లేటు మీద గీసిన వలయాలు అందుకే ఉన్నాయి. పక్కకు జరిగిన క్యూబు ర్యామ్‌ను వంచుతూ నెడుతుంది. రీడింగ్ హద్దులోనే కనిపిస్తుంది, లోపల సిలిండర్ గోడ ఒకవైపే అరుగుతుంటుంది.

వాల్వు తెరవడంలో కూడా హద్దు ఉంది. కాంక్రీటు క్యూబుకు నిమిషానికి 14 ఎంపీఏ చొప్పున, అంటే 150 ఎంఎం క్యూబుకు నిమిషానికి 315 కిలోన్యూటన్ల చొప్పున లోడు పెరగాలి. ఎం25 క్యూబు పగలడానికి రెండు నిమిషాలు దాటుతుంది. రోజుకు వంద క్యూబులు ఉన్నాయని వాల్వు బార్లా తెరిచి అర నిమిషంలో పగలగొడితే బలం ఎక్కువ చూపిస్తుంది, పైగా ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆపడానికి మీకు సమయం ఉండదు.

రిలీఫ్ వాల్వు జోలికి వెళ్లకండి

హైడ్రాలిక్ మెషీనులో చివరి కాపలా ఇదే. స్ప్రింగు మీద కూర్చున్న చిన్న వాల్వు. ప్రెజర్ హద్దు దాటితే తెరుచుకొని ఆయిల్‌ను తిరిగి ట్యాంకులోకి పంపేస్తుంది. కరెంటు, సాఫ్ట్‌వేర్, డిస్‌ప్లే ఏదీ లేకపోయినా పని చేస్తుంది. ఫ్యాక్టరీలో సెట్ చేసి, లాక్‌నట్ బిగించి, సీలు వేసి పంపుతారు.

దాని వెనుక ఉన్న లెక్క చూడండి. ర్యామ్ వ్యాసం 250 ఎంఎం అనుకుంటే దాని ముఖం 49,087 చదరపు మిల్లీమీటర్లు. 2000 కిలోన్యూటన్లు రావాలంటే ప్రెజర్ 407 బార్ ఉండాలి. ఎవరైనా స్క్రూ బిగించి 450 బార్ దాకా తీసుకెళ్తే లోడు 2209 కిలోన్యూటన్లు అవుతుంది. స్క్రూ తిరిగేది చాలా కొద్దిగానే, ఫ్రేము మీద మాత్రం 200 కిలోన్యూటన్లకు పైగా అదనం. ఫ్రేము ఆ రోజే విరగదు. బోల్టులు కొద్దిగా సాగుతాయి, వెల్డుల్లో పగులు మొదలవుతుంది. ఇంకెప్పుడో, ఇంకెవరో దాని ముందు నిలబడి ఉన్నప్పుడు తెలుస్తుంది.

రిలీఫ్ తెరుచుకున్నప్పుడు ఎలా ఉంటుందో గుర్తుపట్టడం నేర్చుకోండి. వాల్వు ఇంకా తెరుస్తున్నా ముల్లు ఒకచోట నిలబడిపోతుంది. పంపు దగ్గర సన్నగా ఈలలాంటి చప్పుడు వస్తుంది. కాసేపట్లో ట్యాంకు వేడెక్కుతుంది. అలా అయితే నెమ్మదిగా లోడు దించి, శాంపిల్ తీసి, "ఇంత లోడు వరకు పగలలేదు" అని రాయండి. అది తప్పు రిపోర్టు కాదు, నిజమైన రిపోర్టు. పక్కన నిలబడ్డ సూపర్‌వైజర్ "అన్నా, ఇంకో సుట్టు తిప్పు, పగులుతది" అంటాడు. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. తిప్పకండి. స్క్రూడ్రైవర్ పట్టుకొని వచ్చేవాళ్ల కోసం ఆ లాక్‌నట్ మీద పెయింటుతో ఒక అడ్డగీత గీసి పెట్టండి. నట్టు కదిలితే గీత తప్పుతుంది, చూడగానే తెలిసిపోతుంది.

హద్దుకు చాలా ముందే, 1500 దగ్గరే ముల్లు ఆగిపోతే అది వేరే సంగతి. ఎండాకాలంలో ఆయిల్ పల్చబడి ర్యామ్ చుట్టూ జారిపోతూ ఉండవచ్చు, లేదా వాల్వు కింద చెత్త ఇరుక్కుని ఉండవచ్చు. దీనికి మందు స్క్రూ బిగించడం కాదు, ఆయిల్ మార్చి ఫిల్టర్ కడగడం.

ఎలక్ట్రానిక్ మెషీనులో మూడు ఉచ్చులు

సంచి గుడ్డ, రబ్బరు, ప్లాస్టిక్ పరీక్షలకు వాడే చిన్న మెషీన్లలో ఫ్రేము 50 కిలోన్యూటన్లది ఉండి, లోడ్‌సెల్ మాత్రం 5 కిలోన్యూటన్లది ఉంటుంది. ఫ్రేముకు చీమ కుట్టినట్టు కూడా ఉండని లోడు సెల్‌ను చంపేస్తుంది. మామూలుగా లోడ్‌సెల్ తన కెపాసిటీలో 150 శాతం వరకు పాడవకుండా తట్టుకుంటుంది. అంటే 7.5 కిలోన్యూటన్లు. అది దాటితే లోపలి లోహం శాశ్వతంగా వంగుతుంది.

మొదటి ఉచ్చు వేగం. సాఫ్ట్‌వేర్‌లో 5 కిలోన్యూటన్ల దగ్గర ఆగమని లిమిట్ పెట్టారు, కాబట్టి భయం లేదు అనుకుంటారు. శాంపిల్ పెట్టకుండా జాలను దగ్గరకు తెస్తూ, నిమిషానికి 500 ఎంఎం వేగంతో క్రాస్‌హెడ్‌ను దించారనుకోండి. సెకనుకు 8.3 ఎంఎం. లిమిట్ తగిలాక మోటారు ఆగడానికి సెకనులో ఇరవయ్యో వంతు పట్టినా, ఆ లోపల 0.4 ఎంఎం కదిలిపోతుంది. ఇనుముకు ఇనుము తగిలినప్పుడు ప్రతి ఎంఎంకు 50 కిలోన్యూటన్లు పెరిగే మెషీనులో 0.4 ఎంఎం అంటే 20 కిలోన్యూటన్లు. 5 కిలోన్యూటన్ల సెల్ ఖతం. ట్రిప్పు పని చేసింది, సరైన సమయానికే చేసింది, అయినా సెల్ పోయింది. అదే నిమిషానికి 5 ఎంఎం వేగంతో దించి ఉంటే అదనంగా పడేది 0.2 కిలోన్యూటన్లే. కాబట్టి రెండు ఇనుప ముఖాలు 20 ఎంఎం దగ్గరకు రాగానే వేగం తగ్గించాలి. దానికన్నా మేలు, కాలమ్ మీద ఉండే మెకానికల్ స్టాపరును జాలు ఒకదానికొకటి తగలకముందే ఆగేలా బిగించాలి. ఫిక్చర్ మార్చిన ప్రతిసారీ స్టాపరును మళ్లీ సర్దాలి. ఎక్కువ మంది మర్చిపోయేది ఇదే.

రెండో ఉచ్చు జీరో బటన్. 500 న్యూటన్ల సెల్‌కు 8 కిలోల జా వేలాడదీస్తే సెల్ మీద అప్పటికే 78 న్యూటన్లు పడి ఉంటాయి. జీరో నొక్కితే డిస్‌ప్లే సున్నా చూపిస్తుంది కానీ సెల్ మీద బరువు దిగదు. ఇక లాగడానికి మిగిలింది 422 న్యూటన్లే. లిమిట్‌ను ఆ అంకె దగ్గర పెట్టండి. జీరో నొక్కే ముందు కనిపించే రీడింగ్‌ను రిజిస్టరులో రాయండి. రోజూ రాస్తే ఆ అంకె చాలా చెప్తుంది, కింద దాని గురించే చెప్తాను.

మూడోది, సెల్ మార్చి సాఫ్ట్‌వేర్‌లో పేరు మార్చకపోవడం. 5 కిలోన్యూటన్ల సెల్ బిగించి సాఫ్ట్‌వేర్‌లో 50ది ఎంచుకొని ఉంటే, రీడింగూ తప్పు, ట్రిప్పూ తప్పు. కొన్ని మెషీన్లు సెల్‌ను తామే గుర్తుపడతాయి. మీది అలాంటిది కాకపోతే, సెల్ మార్చిన ప్రతిసారీ తెలిసిన బరువు ఒకటి వేలాడదీసి చూడండి. 10 కిలోలు వేలాడదీస్తే 98 న్యూటన్లు రావాలి.

మనుషులను దూరంగా ఉంచండి

మెషీనుకు మించి కాపాడుకోవాల్సింది కళ్లు, చేతులు. గ్రానైట్, ఎం50 పైన కాంక్రీటు పగిలేటప్పుడు ముందుగా చెప్పి పగలవు. తుపాకీ పేలినట్టు చప్పుడు వచ్చి ముక్కలు చిమ్ముతాయి. సీటీఎం జాలీ తలుపు మూయకుండా పంపు ఆన్ చేయవద్దు. తలుపుకు స్విచ్చు ఉంటే దాన్ని వైరుతో కలిపి కట్టేయడం లాంటి పని ఎప్పుడూ చేయకండి, చేసి ఉంటే ఈ రోజే విప్పండి.

రాడ్డు పరీక్షలో జా లోపలికి రాడ్డు కనీసం జా పొడవులో ముప్పాతిక వంతైనా వెళ్లాలి. అంచున పట్టుకుంటే లోడు అంతా జా మూలనే పడి జా విరుగుతుంది, రాడ్డు ఎగిరి వస్తుంది. రాడ్డు సైజుకు సరిపోయే జాలే వాడాలి. ఎక్స్‌టెన్సోమీటర్ (రాడ్డు ఎంత సాగిందో కొలిచే పరికరం) పెట్టి ఉంటే, రాడ్డు సాగడం మొదలయ్యాక, తెగకముందే తీసేయాలి. దాని కోసం టెస్టు ఆపి, లోడు నిలకడగా ఉన్నప్పుడు పక్క నుంచి తీయండి. ఎదురుగా ముఖం పెట్టవద్దు.

ఓవర్‌లోడ్ జరిగిపోతే

దాచకండి. నేను నా కింద పనిచేసే పిల్లలకు మొదటి రోజే చెప్తాను, మెషీను పాడు చేసినందుకు తిట్టను, చెప్పకపోతే మాత్రం బాధపడతాను అని. ఎందుకంటే దెబ్బతిన్న లోడ్‌సెల్ ఆగిపోదు. మర్నాడు కూడా అంకెలు చూపిస్తూనే ఉంటుంది, అవి తప్పుడు అంకెలు. ఆ అంకెలతో పాస్ అయిన క్యూబు ఎవరి ఇంటి స్లాబుదో, ఏ ఊరి బ్రిడ్జిదో.

వెంటనే లోడు దించి, శాంపిల్ తీసి, జీరో నొక్కకుండా రీడింగ్ చూడండి. నిన్న, మొన్న రాసిన అంకెతో పోల్చండి. రోజూ 78 న్యూటన్లు చూపించే సెల్ ఈ రోజు 95 చూపిస్తోందంటే అది వంగింది. ఆయిల్ మెషీను అయితే ర్యామ్ పూర్తిగా దిగిందా, కాలమ్‌ల నట్లు వదులయ్యాయా, ఫ్రేము వెల్డుల దగ్గర పెయింటు వెంట్రుకంత పగిలిందా చూడండి. పెయింటు పగులు చాలాసార్లు కింది లోహంలో ఏదో కదిలిందని చెప్పే మొదటి గుర్తు.

అంకె మారకపోయినా క్యాలిబ్రేషన్ (మెషీను చూపే అంకె సరైనదో కాదో సరిచూడటం) చేయించకుండా రిపోర్టు ఇవ్వకండి. ఐఎస్ 1828 ప్రకారం క్లాస్ 1 మెషీను చూపే లోడులో తేడా 1 శాతం లోపు ఉండాలి. మామూలుగా ఏడాదికోసారి, మెషీనును విప్పి వేరేచోటికి మార్చినా, పెద్ద రిపేరు చేసినా మళ్లీ చేయించాలి. ఓవర్‌లోడ్‌ను కూడా నేను పెద్ద రిపేరు కిందే లెక్కిస్తాను. క్యాలిబ్రేషన్‌లో తేడా బయటపడితే, రిజిస్టరులో జీరో రీడింగ్ ఏ తేదీన మారిందో వెతకండి. ఆ తేదీ నుంచి ఇచ్చిన రిపోర్టులన్నీ వెనక్కి పిలవాల్సి వస్తుంది. టెన్షన్ పడే విషయమే, కానీ రోజూ రాసిన రిజిస్టరు ఉంటే పది రిపోర్టులతో పోతుంది. లేకపోతే పాత క్యాలిబ్రేషన్ తేదీ దాకా, అంటే ఏడాది రిపోర్టులన్నీ అనుమానంలో పడతాయి.

నెలకోసారి ట్రిప్పును పరీక్షించండి

ట్రిప్పు పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి మెషీనును హద్దు దాకా లాగనవసరం లేదు. ఎలక్ట్రానిక్ మెషీనులో లోడు లిమిట్‌ను 1 కిలోన్యూటన్‌కు తగ్గించండి. రెండు ప్లేట్ల మధ్య మందపాటి రబ్బరు ముక్క పెట్టి, నిమిషానికి 5 ఎంఎం వేగంతో నొక్కండి. రీడింగ్ 1 దగ్గర ఆగాలి. ఎంత దగ్గర ఆగిందో రాయండి. తర్వాత కదలిక లిమిట్‌ను 10 ఎంఎంకు పెట్టి, ప్లేట్ల మధ్య ఏమీ లేకుండా నడిపించి చూడండి. సీటీఎం డిజిటల్ అయితే, దానిలో కూడా లిమిట్‌ను 200 కిలోన్యూటన్లకు తగ్గించి, పక్కన పారేసిన పాత క్యూబు ఒకటి పెట్టి అలాగే చూడవచ్చు.

అయ్యాక లిమిట్లను తిరిగి అసలు అంకెలకు మార్చండి. ఒకరు మార్చి, ఇంకొకరు చూసి, ఇద్దరూ సంతకం పెట్టండి. నేను ఆ సంతకం గడి పక్కనే ఇంకో గడి కూడా గీసి పెట్టాను: పరీక్షకు వాడిన రబ్బరు ముక్క బల్ల మీద నుంచి తీశారా, లేదా?